పదకొండో టన్ను

"మీ నాన్నగారిని అడుగు, కాఫీ ఇక్కడ తాగుతారా, ముందుగదిలోకి తెమ్మంటారా అని."

రేవతి తల్లి వైపు చూసింది. బల్లకి అవతలి కొసన పేపరు వెనక దాక్కున్న తండ్రి వైపు చూసింది. ఆ ఇద్దరి మధ్యా ఉన్నదల్లా ఓ ఉప్మా గిన్నె, ఓ పంచదార డబ్బా.

"మమ్, హీ కెన్ హియర్ యూ," అంది.

"అడగమన్నాను."

"డాడ్, కాఫీ హియర్ ఆర్ దేర్?"

"ఎక్కడైనా ఒకటే," అన్నాడు పద్మనాభం, పేపరు దించకుండా.

గురువారం సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ ఈ తొమ్మిదేళ్ళ పిల్ల మీదుగానే నడుస్తున్నాయి. మొదటిరోజు రేవతికి సరదాగానే ఉంది. శనివారం పొద్దుటికి విసుగెత్తిపోయింది. టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం ఎవరికి మాత్రం ఎంతకాలం ముచ్చటగా ఉంటుంది? ఉప్మా సగంలో వదిలేసి, టీవీ పెట్టుకుంటానని ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

ఆపరేటరు లేకపోయేసరికి వంటింట్లో లైను తెగిపోయింది.

వాసంతి స్టవ్ వైపు తిరిగి నిలబడింది. గురువారంనాటి ఫోను మాట ఇంకా చెవిలో గింగురుమంటూనే ఉంది. ఆమె డాక్టరుగా పనిచేసే ఎల్డర్‌ఫోర్డ్ ఊళ్ళో, పెద్ద లారీలకి వ్యతిరేకంగా కమిటీ పెట్టిన మిసెస్ హార్ట్‌లీ ఫోన్ చేసి, శనివారం సభకి లారీల ఫ్యాక్టరీ తరఫున మిస్టర్ పద్మనాభం అనే ఇంజనీరు వస్తున్నాడని చెప్పింది. మీ దేశంవాడే అనుకుంటాను, మీకేమైనా తెలుసా డాక్టర్, అని అడిగింది.

పేరు విన్నానని చెప్పింది వాసంతి. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

ఊళ్ళో ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఆ ఇద్దరూ ఈ దేశంలో దిగిన కొత్తలో చేసిన పొరపాటే. మన అలవాటు ప్రకారం ఆయన ఎ. పద్మనాభం అని రాసుకున్నాడు. చివర ఉన్నదే ఇంటిపేరనుకుని ఫ్యాక్టరీవాళ్ళు ఆయన్ని మిస్టర్ పద్మనాభం చేసేశారు. ఆమెని మీ ఇంటిపేరేమిటని అడిగితే, ఉన్నమాట చెప్పి డాక్టర్ ఆకెళ్ళ అయింది. రేపు దిద్దించుకుందాం, ఎల్లుండి దిద్దించుకుందాం అనుకుంటూ పన్నెండేళ్ళు గడిపేశారు. కాపురం నాటింగ్‌హామ్‌లో, ఆమె సర్జరీ, అంటే ఆమె క్లినిక్కు, అక్కడికి అరగంట దూరంలోని ఎల్డర్‌ఫోర్డ్‌లో, ఆయన ఫ్యాక్టరీ ఇంకో దిక్కున. కాబట్టి కాయితాల మీద వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు.

అయితే ఫోనులోనే చెప్పెయ్యచ్చు కదా, ఆయన మావారేనని? చెప్పచ్చు. కానీ పేరెత్తకుండా ఆ మాట అనచ్చని ఆ క్షణాన తోచలేదు; వాసంతి నోటివెంట భర్త పేరు ఏనాడూ రాలేదు. పేరు పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడు అమ్మమ్మ నూరిపోసింది. వైద్యం చదివాక నమ్మకం పోయింది గానీ అలవాటు మిగిలింది. ఎంతటి మగవాడి ఛాతీ మీదైనా స్టెతస్కోపు పెట్టడానికి జంకని మనిషికి, మొగుడి పేరు ఎత్తాల్సొస్తే మాత్రం గొంతులో వెలక్కాయ పడేది. ఆ వెలక్కాయ దిగేలోపల మిసెస్ హార్ట్‌లీ థాంక్యూ చెప్పి పెట్టేసింది.

"నువ్వు ఇవాళ వెళ్ళకపోతే కొంపలేం మునిగిపోవు," అన్నాడు పద్మనాభం. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

రెండు రోజుల తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది. వాసంతి స్టవ్ ఆర్పింది.

"వెళ్ళకపోతే మిస్టర్ కట్స్ తరఫున ఎవరు మాట్లాడతారు?"

"ఆ లారీ మా ఫ్యాక్టరీది కాదు."

"మీది ఇంకా పెద్దది."

కట్స్ ఆమె పేషెంటు. ఎల్డర్‌ఫోర్డ్‌లో బ్రిడ్జ్ స్ట్రీట్ మలుపు దగ్గర గడియారాలు బాగుచేసే ముసలాయన. సెప్టెంబరులో ఓ పొడుగాటి లారీ ఆ మలుపు తిరుగుతుంటే దాని వెనకభాగం పేవ్‌మెంట్ మీదికి ఎక్కింది. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన తొడని రెండు చేతులా అదిమి పట్టుకుని నేలమీద కూర్చున్నది వాసంతే. మోకాలి కింద తీసేశారు. ఆ మర్నాడే ఆమె కమిటీలో చేరింది.

ఇప్పుడు బ్రిటన్ జనవరిలో యూరప్ దేశాల కూటమి అయిన కామన్ మార్కెట్‌లో చేరబోతోంది. ఇక్కడ లారీ మొత్తం బరువు ముప్పై రెండు టన్నులు దాటకూడదు. యూరప్‌వాళ్ళు నలభై అంటున్నారు. ఎల్డర్‌ఫోర్డ్ సభ చేసే తీర్మానాన్ని ఎం.పి. స్వయంగా మినిస్ట్రీకి తీసుకెళ్తానన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు ఆ నలభై టన్నులకి సరిపోయే కొత్త బండిని అప్పుడే తయారుచేసి ఉంచారు. దాని ఇరుసులు గీసింది పద్మనాభమే.

"ఎనిమిదేళ్ళుగా లెక్కలు కట్టేది నేను. మీటింగుల్లో లేచి చదివేది పక్క బల్లవాడు," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది. "నా డ్రాయింగులు లండన్ వెళ్ళాయి, జర్మనీ వెళ్ళాయి. నేను వెళ్ళలేదు. మొన్న మా మేనేజరు విల్మాట్ నన్ను పిలిచి, ఈసారి నువ్వే మాట్లాడు అన్నాడు. మొదటిసారి, వాసంతీ."

ఆ మొదటిసారి కోసం ఆయన ఎంత ఎదురుచూశాడో ఆమెకి తెలియనిదా? ఫ్యాక్టరీ క్రిస్మస్ పార్టీలో, ఆయన డిజైన్‌ని ఇంకొకడు తనదని చెప్పుకుని పొగడ్తలందుకుంటుంటే, గోడవారగా నిలబడి నారింజరసం తాగిన మనిషిని ఆమె కళ్ళారా చూసింది.

"రావద్దనను," అన్నాడు పద్మనాభం. "రా. కట్స్ కాలు గురించి చెప్పు. పొగ గురించి, పిల్లల ఆయాసం గురించి చెప్పు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం వద్దు."

ఏ ప్రశ్నో ఇద్దరికీ తెలుసు.

వేసవిలో ఓ ఆదివారం వాసంతి గారెల కోసం పిండి రుబ్బి పెట్టింది. నలభై టన్నుల బండి రోడ్లని నాశనం చెయ్యదా అని మామూలుగా అడిగింది. పద్మనాభం ఉత్సాహంగా వచ్చి పిండిలో వేలు గుచ్చాడు. గుంట పడింది. తర్వాత అరచెయ్యి మోపి అంతే బలంగా నొక్కాడు. పిండి కాస్త అణిగిందంతే. బండి బరువు ఎంతని కాదు, ఒక్కో ఇరుసు మీద ఎంత పడుతోందన్నది చూడాలన్నాడు. అయిదు ఇరుసుల మీద సర్దితే నలభై టన్నుల బండి కూడా ఇప్పటివాటికంటే మెత్తగా నడవచ్చట. మరి మీ బండి సంగతేమిటని అడిగింది. ఆయన చెయ్యి కడుక్కుంటూ, యూరప్ లెక్కకి సరిపోవాలని ఇంజను తిప్పే వెనక ఇరుసు మీద పదకొండు టన్నులు పెట్టించారని చెప్పాడు. ఇక్కడి రూలు పది. పదికి పదకొండంటే పదోవంతే కదా అనిపిస్తుంది. రోడ్డుకి తగిలే దెబ్బ మాత్రం దాదాపు సగం పెరుగుతుంది. ఆ మాట ఫ్యాక్టరీ బయట ఎవరూ అనరు. అయిదు ఇరుసుల గొప్ప మాత్రమే చెబుతారు.

"నువ్వు డాక్టరువని చెప్పలేదు, కమిటీ మెంబరువని చెప్పలేదు," అన్నాడు పద్మనాభం. "పెళ్ళానివని చెప్పాను. ఇంట్లో అన్న మాట తీసుకెళ్ళి వీధిలో పెడతావా?"

"ఇంట్లో అన్నంత మాత్రాన రోడ్డు గుల్లకాకుండా ఉంటుందా? పోనీ నేనడగడం ఎందుకు, మీరే చెప్పెయ్యకూడదూ?"

"చెబితే సోమవారం నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు."

వాసంతి ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. ఆ అన్న పెద్దలెవరో కాపురం చేసి ఉండరు. పద్మనాభం మాత్రం ఆ సామెతనే నమ్ముకుని, మొహం కాస్త తేటపడి, స్నానానికి లేచాడు.

పన్నెండు కొట్టకముందే డాక్టర్ నరహరిరావు వచ్చాడు. హైదరాబాదు మనిషి, నాటింగ్‌హామ్ ఆస్పత్రిలో మత్తుడాక్టరు. మధ్యాహ్నం రేవతిని తమ ఇంట్లో ఉంచుకోవడానికి తీసుకెళ్ళాలని వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంటి వాతావరణం పసిగట్టేశాడు. పద్మనాభం మేడమీద టై కట్టుకుంటుంటే, వాసంతి రెండు ముక్కల్లో విషయం చెప్పింది.

"అరె, గీ మాత్రం దానికి గింత పరేషాన్ ఎందుకమ్మా?" అన్నాడాయన, కుర్చీ లాక్కుని. "ఇయ్యాల మీ క్లినిక్కుల నీ పార్ట్‌నర్ ఆన్‌కాల్ డ్యూటీల ఉన్నడు గదా. రోటా మార్చుకో, ఆయన డ్యూటీ నువ్వు చెయ్యి. రెండున్నరకి ఎవరికో అర్జెంటు విజిట్ వచ్చిందని చెప్పు. డాక్టరు రాలేదంటే ఎవరన్న ఏమన్నంటరా?"

"అబద్ధం ఆడమంటారు."

"మందు ఇయ్యమంటున్న. ఇద్దరికీ నొప్పి లేకుండ ఉంటది."

"మీరు మత్తు ఇస్తారు సరే అన్నయ్యగారూ. కోసేది ఇంకొకళ్ళు. లేచాక నొప్పి ఎవరిది?"

నరహరిరావు కుర్చీలోంచి లేచాడు. తర్వాత రేవతిని కోటు తొడుక్కోమన్నాడు. వెళ్తూ వెళ్తూ, రేవతి వినకుండా, "వాడు మంచోడు తల్లీ. గది మాత్రం యాదుంచుకో," అని వెళ్ళిపోయాడు.

అదే వాసంతి బాధ. చెడ్డవాడైతే పోట్లాట ఎంత సులువు! రోటా మార్చుకోవడమూ సులువే. ఫోను దగ్గరికి రెండుసార్లు వెళ్ళింది. రెండోసారి రిసీవరు కూడా ఎత్తింది. డయల్ టోన్ విని పెట్టేసింది.

పద్మనాభం విల్మాట్ కారులో వెళ్ళాడు. ఆమె తన చిన్న మోరిస్ కారు వేసుకుని వేరే వెళ్ళింది.

ఎల్డర్‌ఫోర్డ్ చర్చి హాలు మూడింటికల్లా నిండిపోయింది. గోడల నిండా అట్టలు. వాటి మీద ఎర్ర అక్షరాలతో జగర్‌నాట్లు వద్దు అని రాసి ఉంది. ఇక్కడి పేపర్లు పెద్ద లారీలకి పెట్టిన పేరది. మన పూరీ జగన్నాథుడి రథం పేరే. అది తెలిసినరోజు వాసంతికి ఒళ్ళు మండింది. దేవుణ్ణి ఊరేగించే రథాన్ని తీసుకొచ్చి బంగాళాదుంపలు మోసే బండికి తగిలించారని మిసెస్ హార్ట్‌లీతో వాదించింది కూడా. ఆవిడ సారీ చెప్పింది. అట్టలు మాత్రం మార్చలేదు.

ముందు వరసలో చక్రాల కుర్చీలో కట్స్ కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద కంబళి కప్పుకున్నాడు. కంబళి ఒక పక్క చదునుగా ఉంది. వాసంతిని చూసి టోపీ ఎత్తాడు.

"డాక్టర్, రండి రండి," అంటూ మిసెస్ హార్ట్‌లీ ఆమె మోచెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించింది. పరిచయాలు చెయ్యడమంటే ఆవిడకి ప్రాణం. "ఈయనే మిస్టర్ పద్మనాభం. ఈవిడ మా డాక్టర్ ఆకెళ్ళ. మీరిద్దరూ ఒకే ప్రాంతం వాళ్ళేమో, బోలెడు కబుర్లుంటాయి."

పద్మనాభం లేచాడు. పక్కన విల్మాట్ కూడా లేచాడు. పద్మనాభం చొక్కా మెడదగ్గర గుండీ పొద్దున ఆమె కుట్టి పెట్టినదే. మాటలు లేకపోయినా గుండీ కుట్టింది.

ఆయన చెయ్యి చాపాడు. "హౌ డూ యూ డూ, డాక్టర్."

పన్నెండేళ్ళ కాపురంలో ఆయన ఆమెకి షేక్‌హ్యాండ్ ఇవ్వడం అదే మొదటిసారి. అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. ఆమె కూడా హౌ డూ యూ డూ అంది. అనేసి తన కుర్చీలో కూర్చుంది. పొద్దున పెళ్ళాంగా అన్ని మాటలు పడింది, దానికి ఏడుపు రాలేదు. ఈ పరాయి మర్యాదకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన్ని అనడానికీ లేదు. గురువారంనాడు ఆయన్ని పరాయివాణ్ణి చేసింది తనే.

పద్మనాభం బాగా మాట్లాడాడు. మొదట గొంతు కాస్త తడబడింది గానీ, బోర్డు మీద బండి బొమ్మ గియ్యడం మొదలుపెట్టాక ఇంట్లో మనిషి బయటికొచ్చాడు. అరవడానికి వచ్చినవాళ్ళు కూడా మెడలు చాచి విన్నారు. నడుమ బయటినుంచి లారీ ఒకటి వెళ్ళింది. హాలు కిటికీలు గడగడలాడాయి. ఎల్డర్‌ఫోర్డ్‌లో అందరికీ ఒక అలవాటుంది. లారీ వెళ్తుంటే మాట మధ్యలో ఆపేసి, అది దాటిపోయాక ఆపినచోటే అందుకుంటారు. చర్చిలో ఫాదరూ అంతే, సర్జరీలో జబ్బు చెప్పుకునే పేషెంట్లూ అంతే. అది తెలియని పద్మనాభం లారీ మోతలోనే మాట్లాడుతూ పోయాడు. నాలుగు వాక్యాలు ఎవరికీ వినబడలేదు. వాసంతికి జాలేసింది. వెంటనే గర్వంగానూ అనిపించింది. ఎంత చక్కగా చెబుతున్నాడు మా ఆయన, అనుకుంది. అయిదు ఇరుసులు, సర్దిన బరువు, అదే సరుక్కి తక్కువ లారీలు. అన్నీ నిజాలే. వెనక ఇరుసు దగ్గరికి వచ్చేసరికి సుద్దముక్క దాన్ని ముట్టుకోకుండా దాటిపోయింది.

చప్పట్లు కొట్టారు. విల్మాట్ ఆయన భుజం తట్టాడు. పద్మనాభం మొహంలో ఆ క్షణాన కనిపించిన వెలుగు వాసంతి ఎప్పుడూ చూడలేదు. రేవతి పుట్టినరోజున కూడా చూడలేదు.

ఆమె వంతు వచ్చింది. కట్స్ కాలు గురించి చెప్పింది, ఆ మలుపు గురించి చెప్పింది, పిల్లల దగ్గుల గురించి చెప్పింది. ఆయన చెప్పమన్నవన్నీ చెప్పింది. ఇక కూర్చోవచ్చు. కూర్చుందామనే అనుకుంది. ముందు వరసలో కట్స్ కంబళి సర్దుకుంటున్నాడు. లేనివైపు కూడా సర్దుకుంటున్నాడు.

"ఒక ప్రశ్న ఉంది," అంది వాసంతి.

పద్మనాభం చటుక్కున తలెత్తాడు.

ప్రశ్న ఎవరికో పేరు చెప్పమంది మిసెస్ హార్ట్‌లీ. లోకల్ పేపరు విలేకరి రాసుకుంటున్నాడట. అతను పెన్సిల్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెద్దమనిషికి అంటే సరిపోయేది. ఎవరూ తప్పు పట్టరు. ఆమె నోరు తెరిచింది కూడా. కానీ ఆ మాట రాలేదు. ఒకసారి చెయ్యి కలిపి ఆయన్ని పరాయివాణ్ణి చేసింది. రెండోసారి తనవల్ల కాదు. పేరు పలుకుదామంటే, వెలక్కాయ ఉండనే ఉంది.

"మావారికి," అంది. అది ఇంగ్లీషులోనే, అందరికీ వినబడేలా అంది. "నా ప్రశ్న నా భర్తకి."

మిసెస్ హార్ట్‌లీ అటూ ఇటూ చూసింది. వెనక ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. విలేకరి పెన్సిల్ కదల్లేదు. ముందుగా అర్థమైంది కట్స్‌కే. ఆయన ఆ కుర్చీకేసి, ఈ కుర్చీకేసి చూసి, మెల్లిగా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వేదిక మీద విల్మాట్ మెడ మాత్రం ఎర్రబడింది.

"మీ కొత్త బండిలో ఇంజను తిప్పే వెనక ఇరుసు మీద ఎంత బరువు పడుతుందండీ?"

విల్మాట్ చెయ్యి పద్మనాభం చొక్కాచేతి మీద పడింది. వంగి చెవిలో ఏదో చెప్పాడు. పద్మనాభం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ చెయ్యి చొక్కామీద ఉండగానే లేచి నిలబడ్డాడు.

"అధ్యక్షురాలు నా పేరు సగమే చెప్పారు," అన్నాడు మైకులో. "నా పేరు ఆకెళ్ళ పద్మనాభం. డాక్టర్ గారి భర్తని. ఆవిడ అడిగింది..."

బ్రిడ్జ్ స్ట్రీట్‌లో లారీ వినిపించింది. కిటికీలు గడగడలాడటం మొదలుపెట్టాయి. ఈసారి పద్మనాభం ఆగాడు. ఊళ్ళోవాళ్ళందరితో పాటు నోరు మూసుకుని నిలబడ్డాడు. వాసంతి కారు తాళాలు చేతిలోకి తీసుకుని కూర్చుంది. వద్దు, చెప్పకండి అని ఒక మనసు, చెప్పండి అని ఒక మనసు. లారీ చాలా పొడుగుదిలా ఉంది, ఎంతకీ దాటలేదు.

చివరికి కిటికీలు ఊరుకున్నాయి.

"ఆవిడ అడిగింది అడగాల్సిన ప్రశ్నే. పదకొండు టన్నులు. ఇక్కడి రూలు పది. దానివల్ల రోడ్డుకి దెబ్బ ఎంత పెరుగుతుందో నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది."

హాలంతా ఒక్కసారిగా హోరెత్తిపోయింది. ఎవరో బల్ల చరిచారు. మిసెస్ హార్ట్‌లీ గంట కొడుతూనే ఉంది. ఆ గోలలో విల్మాట్ కోటు తొడుక్కుని, ఎవరితోనూ ఏమీ అనకుండా పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. కాసేపటికి బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. పద్మనాభాన్ని తీసుకొచ్చిన కారే అది.

ఈ ఒక్క మాట వినడానికే వాసంతి వచ్చింది. విన్నాక, దాన్ని తిరిగి ఆయన నోట్లో పెట్టెయ్యగలిగితే బాగుండునని వెర్రిగా అనిపించింది. లేచి ఆయన వైపు రెండడుగులు వేసింది. కారు తాళాలు చేతిలోనే ఉన్నాయి.

"ఏవండీ," అంది.

పద్మనాభం కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆమెని చూశాడు. ఆ చూపులో కోపం ఉందో, మరొకటి ఉందో, ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి అంతు చిక్కలేదు. తర్వాత ఆయన బొమ్మలు గీసిన బోర్డు దగ్గరికి వెళ్ళి, సుద్దముక్క అందుకుని, ఇందాక దాటిపోయిన ఇరుసు కింద పదకొండు అని రాశాడు. కోటు తీసుకుని రెండోవైపు మెట్ల మీదుగా దిగి, జనంలోంచి దారి చేసుకుంటూ బ్రిడ్జ్ స్ట్రీట్‌లోకి నడిచి వెళ్ళిపోయాడు.